పళ్ళెంలో బూజు, మట్టిలో బూజు

శ్రోతలకు నమస్కారం. కింది ఆకులు పసుపెక్కి, మధ్యాహ్నానికి తల వాల్చేసిన టమాటా మొక్క కనిపిస్తే, మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. తొక్క కింద గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం, అంటే ఒక రకం బూజు, తెచ్చే ఎండు తెగులని అనుమానించాలి. ఆ శిలీంధ్రానికి ఏ తిండి, ఎంత వేడి సరిపడతాయో ప్రయోగశాలలో చూస్తాం.

200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడకట్టిన నీళ్ళలో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, ద్రవాన్ని గడ్డకట్టించే అగర్ 20 గ్రాములు వేసి, నీళ్ళతో లీటరుకు నింపి, ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచుతాం. చేయి పట్టగలిగే వేడికి వచ్చాకే మూత ఉన్న చిన్న పళ్ళేల్లో పోయాలి. పొగలు కక్కుతుండగా పోస్తే మూతకు చెమ్మ పట్టి, బొట్లు రాలి, బూజు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. ముందే పెంచిన బూజు అంచు నుంచి తీసిన 5 మిల్లీమీటర్ల బిళ్ళను పళ్ళెం నడుమ బోర్లించి, బూజు ఎంత దూరం పాకిందో రోజూ అడ్డంగా, నిలువుగా కొలవాలి. 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఇది జోరుగా పాకుతుంది.

అయితే స్కేలును గుడ్డిగా నమ్మకండి. తిండి లేని ఉత్త అగర్ మీద కూడా బూజు పల్చగా, దూరదూరంగా పాకుతుంది. అది బలిసినట్టు కాదు, వెతుక్కుంటున్నట్టు. అసలు సంగతి ద్రవంలో పెంచి, వడకట్టి, ఆరబెట్టి తూచితేనే తెలుస్తుంది.

నత్రజని దగ్గర ఇంకో చిక్కుంది. బూజుకు నైట్రేట్ నచ్చుతుందా, అమ్మోనియం నచ్చుతుందా అని పోల్చేటప్పుడు సమానంగా తూచాల్సింది ఎరువును కాదు, అందులోని నత్రజనిని. 2 గ్రాముల సోడియం నైట్రేట్‌కు సాటి సుమారు 1.55 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్. పైగా అమ్మోనియంను బూజు తినేకొద్దీ ద్రవం పుల్లబడి పెరుగుదల కుంటుపడుతుంది. చివర్లో పీహెచ్, అంటే పులుపును తెలిపే అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), చూడకపోతే, తప్పు ఆమ్లానిదైతే నింద అమ్మోనియం మీద పడుతుంది.

ఇక మట్టిలో కథ తిరగబడుతుంది. పళ్ళెంలో నైట్రేట్‌ను ఇష్టంగా తినే ఫ్యుజేరియం, పొలంలో అదే నైట్రేట్ ఇచ్చి, సున్నంతో పీహెచ్‌ను 6.5–7 దాకా తెస్తే తగ్గుముఖం పడుతుంది. వేరు నైట్రేట్ పీల్చినప్పుడు చుట్టూ మట్టి ఆమ్లగుణం తగ్గుతుంది. దాంతో ఇనుము, మాంగనీసు, జింకు శిలీంధ్రానికి సరిగా అందవు. అమ్మోనియం పీల్చితే ఇందుకు విరుద్ధం.

సున్నం మాత్రం మట్టి పరీక్ష చేయించాకే వేయండి. పీహెచ్ ఇప్పటికే 7 దాటిన నేలలో వేస్తే, ఇనుము, జింకు అందక పాలిపోయేది మీ మొక్కే.