కరెంటు తీసింది ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఎండాకాలం ఒక రాత్రి హనుమకొండలో మా ఇంట్లో కరెంటు పోయింది. అప్పుడే అన్నాలకు కూర్చున్నాం. చీకట్లో మా అమ్మ నోట వచ్చిన మొదటి మాట, "తీసిన్రు." లేచి కిటికీలోంచి తొంగిచూసి అన్న రెండో మాట, "ఎదురింట్ల ఉన్నది. మనకే తీసిన్రు."

"ఎవరమ్మా తీసింది?" అని అడిగాను.

"ఇంకెవరు, వాళ్లే" అంది.

ఈ "వాళ్లు" ఎవరో మా అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. కానీ మన ఇళ్లలో కరెంటు దానంతట అది పోవడం అరుదు. ఎవరో ఒకరు తీయాలి. మన మాటల్లోనే ఉంది ఆ సంగతి. ఎండ కొడుతుంది. వాన దంచుతుంది. చలి పెడుతుంది. జ్వరం పట్టుకుంటుంది. అన్నం తింటుంటే మెతుకు దారి తప్పి పొలమారితే, నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. ఒక్క మెతుకు గొంతుకు అడ్డం పడ్డా దాని వెనక ఎక్కడో ఒక మనిషి ఉండాలి మనకు.

ఇది మన ఒక్కరి అలవాటేమీ కాదు. 1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న ఫిల్ము తయారుచేశారు. అందులో మనుషులు లేరు, జంతువులు లేవు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులాగా తెరుచుకునే ఒక డబ్బా. ఇవి అటూ ఇటూ కదులుతుంటాయి, అంతే. చూసినవాళ్లను ఏం జరిగిందో రాయమన్నారు. 34 మందిలో ఒక్కరు మాత్రమే త్రిభుజం ఇటు కదిలింది, వృత్తం అటు జరిగింది అని రాశారు. మిగతా అందరూ కథలు రాశారు. పెద్ద త్రిభుజం దుర్మార్గుడట, చిన్నవాటిని తరుముతున్నాడట, వృత్తం భయపడి దాక్కుందట. మన దగ్గర చూపించి ఉంటే పెద్ద త్రిభుజానికి మీసాలు కూడా పెట్టేవాళ్లం.

ఎందుకిలా అంటే కొందరు శాస్త్రవేత్తలు ఒక ఊహ చెబుతారు. చేను గట్టు మీద నడుస్తుంటే గడ్డి కదిలింది. గాలి అనుకుని ముందుకు పోయాం, అది పామైతే మన పని అయిపోయినట్టే. పాము అనుకుని ఎగిరి దూకాం, అది గాలైతే చూసినవాళ్లు నవ్వుతారు, అంతే. తాడును చూసి పామనుకున్నవాళ్ల మనవలం మనం. పామును చూసి తాడనుకున్నవాళ్లకు మనవలు మిగల్లేదు. ఈ మాటను రుజువు చేయడం కష్టమే, కానీ నాకు నచ్చిన మాట.

2024 డిసెంబర్ 4 మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున ఏడున్నరకు ఇంకా కొన్ని నిమిషాలుందనగా ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. మా ఇంట్లో గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, కుర్చీ కదిలింది. అప్పుడు నా మనసులో వచ్చిన మొదటి ఆలోచన సిగ్గుపడకుండా చెబుతాను. పై పోర్షన్ వాళ్లు పొద్దుపొద్దున్నే బీరువా జరుపుతున్నారు అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. భూకంపం అన్న ఆలోచన వీధిలో అరుపులు విన్నాక వచ్చింది. నలభై కిలోమీటర్ల లోతున రాయి జరిగితే, నా బుర్ర ముందుగా పైనున్న కిరాయిదారును పట్టుకుంది!

దానికి మూడు నెలల ముందు, అదే ములుగు జిల్లాలో ఇంకో వింత జరిగింది. ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం అడవిలో ఒక పెనుగాలి వేల చెట్లను పడగొట్టింది. దాదాపు 50 వేల చెట్లని అప్పుడు లెక్కగట్టారు. నిలబడ్డ మాను వేళ్లతో సహా లేచి పడింది. ఆ గాలి ఊళ్ల మీదికి రాలేదు. సమ్మక్క సారలమ్మ తల్లులే దాన్ని అడవి మీదికి మళ్లించి జనాన్ని కాపాడారు అని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చేతులెత్తి మొక్కారు. ఆ మొక్కును నేను వెక్కిరించను. గండం తప్పినవాడికి ఎవరికో ఒకరికి దండం పెట్టుకోవాలనిపిస్తుంది. ఖాళీ ఆకాశానికి దండం ఎలా పెడతాడు?

భూకంపం వచ్చాక మాత్రం ఈ రెండింటికీ ముడి పడింది. చెట్లు కూలడం ముందస్తు సూచన అట, అడవి మనకు చెప్పాలని చూసిందట, మనమే వినలేదట. టీ కొట్టు దగ్గర ఈ మాట విన్నప్పుడు నాకూ ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది. కథ అంత బాగా అతుకుతోంది మరి. కానీ ఒకటి ఆకాశం నుంచి దిగిన గాలి. ఉరుముల మేఘంలోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకి నేలను తాకి పరుచుకుంటే, ఆ దారిలో ఉన్న మాను నిలవదు. వేళ్లు లోతుకు పోని చోట మరీ తేలిక. ఇంకొకటి గోదావరి లోయ పొడవునా భూమి లోపల ఎప్పటినుంచో ఉన్న పగుళ్ల సంగతి. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్ద భూకంపమే వచ్చింది. దానికి ముందు ఏ అడవి ఏం చెప్పిందో ఎవరూ రాసిపెట్టలేదు.

ఈ విషయంలో మహాత్ముడూ తప్పటడుగు వేశాడు. 1934 జనవరి 15న బీహార్‌లో ఘోరమైన భూకంపం వచ్చింది, వేలమంది చనిపోయారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారు గాంధీజీ. అంటరానితనం మీద ఆయన ఎంత పోరాడుతున్నారో తెలిసిన రవీంద్రనాథ్ ఠాగూర్‌కే ఆ మాట మింగుడుపడలేదు. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలుంటాయని గట్టిగా రాశారు. ఇంకో చురక కూడా వేశారు. ఇలాంటి వాదన మీ ఎదుటివాళ్లకే ఎక్కువ నప్పుతుంది, దేవుడికి ఈ కోపం తెప్పించింది గాంధీ, ఆయన అనుచరులే అని వాళ్లు అన్నా నేను ఆశ్చర్యపోను అన్నారు. గాంధీజీ ఆ విమర్శను తన "హరిజన్" పత్రికలోనే అచ్చువేసి, తన జవాబూ పక్కన ఇచ్చారు. మాట మార్చుకోలేదు. ఇద్దరిలో ఠాగూర్‌దే సరైన మాట అని నాకు అనిపిస్తుంది. కానీ తన మాటను కాదన్న ఉత్తరాన్ని తానే అచ్చువేసిన ఆ పెద్దరికం ఇప్పుడు ఎందరికి ఉంది?

కరెంటు సంగతి మధ్యలో వదిలేశాను. గంటన్నర తర్వాత లైన్‌మన్ వచ్చాడు. మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద, కమిలిపోయి ఒక ఉడుత పడి ఉంది. ఒక కాలు తీగ మీద, ఇంకో కాలు ఇనుప డబ్బా మీద పెట్టింది పాపం. ఫ్యూజ్ కొట్టేసింది. ఎదురింటివాళ్లది వేరే ట్రాన్స్‌ఫార్మర్. నేను గెలిచినవాడిలాగా ఇంటికి వచ్చి ఇదంతా అమ్మకు చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "సరే గని, ఆ ఉడుత మన దానిమీదికే ఎందుకెక్కింది?" అంది.

నవ్వాను అప్పుడు. తర్వాత తెలిసింది, మా అమ్మ అడిగింది మామూలు ప్రశ్న కాదని.

ఆఫ్రికాలో, ఇప్పటి దక్షిణ సూడాన్‌లో, అజాండే అనే జనం ఉన్నారు. ఇవాన్స్ ప్రిచర్డ్ అనే ఇంగ్లండు పరిశోధకుడు వాళ్ల మధ్య ఉండి, 1937లో వాళ్ల నమ్మకాల మీద పుస్తకం వేశాడు. వాళ్లు ధాన్యాన్ని మన గరిసెల్లాంటి వాటిలో దాస్తారు. అవి గుంజల మీద ఎత్తుగా ఉంటాయి. ఎండవేళ జనం వాటి నీడన కూర్చుంటారు. ఎప్పుడో ఒకసారి గరిసె కూలి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఎవరో మంత్రం పెట్టారు అంటారు అజాండేలు. గుంజలను చెదలు తిన్నాయని వాళ్లకు తెలియదా? బాగా తెలుసు. ఎండకు నీడన కూర్చోవడం మామూలేననీ తెలుసు. కానీ సరిగ్గా ఈ మనుషులు కూర్చున్నప్పుడే, సరిగ్గా ఈ గరిసే ఎందుకు కూలాలి? అక్కడ చెదలు జవాబు చెప్పవు. వేటలో మొదటి బల్లెం దిగాక ఇంకొకడు వేసే బల్లెం ఉంటుంది కదా, మంత్రాన్ని వాళ్లు ఆ "రెండో బల్లెం" అంటారు. ఏనుగు తొక్కి మనిషి చస్తే ఏనుగు మొదటి బల్లెం, మంత్రం రెండోది. మా అమ్మ వెతికిందీ ఆ రెండో బల్లాన్నే.

ఎలా జరిగింది అన్నదానికి లైన్‌మన్ జవాబు చెబుతాడు, డాక్టర్ చెబుతాడు. నాకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఖాళీ చోటులో మనం ఒక మనిషిని తెచ్చి కూర్చోబెడతాం. దేవుణ్ణి కూర్చోబెడితే కొంత నయం, ఆయనకు దెబ్బలు తగలవు.

మనిషిని కూర్చోబెట్టిన చోట ఏమవుతుందో మన జిల్లాలకు తెలుసు. 2022 జనవరిలో జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. అదీ కుల సంఘం మీటింగుకు వచ్చినప్పుడు, అందరూ చూస్తుండగా. బాణామతి, చేతబడి, చిల్లంగి అని ఒక్కో చోట ఒక్కో పేరు. పేరు పడేది మాత్రం ఎక్కువగా ఒకే రకం మనుషుల మీద. మొగుడు పోయిన ముసలామె, ఊరి చివర ఒంటరి ఇల్లు, వెనకేసుకొచ్చే కొడుకులు లేరు. పదెకరాల ఆసామి మంత్రం చేశాడని ఊరంతా ఒక్కటై చెట్టుకు కట్టేసిందని నేను ఎప్పుడూ వినలేదు.

అలాగని అనుమానమే తప్పు అనుకోకండి. మా చిన్నాయన పత్తి రైతు. ఏళ్ల తరబడి ఆయన ఒకటే మాట అనేవాడు, "కాంటాల ఏదో ఉన్నది." ఆయనకు అన్నిటి వెనకా ఎవరో ఒకరు కనబడతారు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏడు ఊళ్లో రెండు చోట్ల తూకం వేయించి, బస్తాల మీద బొగ్గుతో బరువు రాసుకుని పోయాడు. అమ్మిన చోట, పేరు ఎందుకులెండి, బస్తాకు రెండు కిలోలు తగ్గింది. ఆయన చెప్పిందే నిజం. అక్కడ నిజంగానే ఒక చెయ్యి ఉంది.

అదే చిన్నాయనకు అంతకు ముందెప్పుడో ఒక బర్రె ఉండేది. తొలకరి కురిసి తర్వాత వానలు ఎగ్గొట్టిన ఏడు అది. పొద్దున మేతకు పోయిన బర్రె పగటికల్లా గట్టు మీద కాళ్లు బార్లా చాపి పడి ఉంది. ముందు రోజే పక్కింటి పెద్దవ్వ "బర్రె మంచిగ పాలిస్తుంది రా" అన్నదట. అంతే. ఇంకెవరినీ అడగలేదు, పశువుల డాక్టర్‌ను పిలవలేదు. రెండిళ్ల మధ్య మాటలు బందయినయి. పెద్దవ్వ మా వాకిలి ముందు నుంచి నడవడం మానేసి, బాయికాడికి చుట్టూ తిరిగి పోయేది. నీళ్లబిందెతో, ఆ వయసులో. ఆమె చనిపోయేదాకా అలాగే పోయింది.

చాలా ఏళ్లకు నాకు ఒక సంగతి తెలిసింది. వాన లేక వాడిన లేత జొన్నను మేస్తే పశువు కడుపులో సైనైడ్ విషం పుడుతుంది, పశువు నిమిషాల మీద పడిపోతుంది. ఆ గట్టు అవతల ఆ ఏడు జొన్నచేనే ఉంది, మోకాలెత్తు కూడా లేదు. కిందటేడు పండక్కి పోయినప్పుడు చిన్నాయనకు ఇది చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంక మాట్లాడడేమో అనుకున్నాక, "అయితే ఆనాడు బర్రెను జొన్నల వడగొట్టిందెవడు?" అన్నాడు.

నేను మాట మార్చాను.

ఆ రోజు బర్రెను తోలుకుపోయింది నేనే. తొమ్మిదేళ్లవాణ్ణి. చింతచెట్టు కింద గోలీలాటలో పడిపోయాను, బర్రె ఎటు పోయిందో చూడలేదు. చిన్నాయన రోజూ ఈ వేళకు రేడియో పెడతాడు. విని ఉంటాడు.

నమస్కారం.