అయిదింటికి పంచే రాత్రి భోజనం

(ప్రపంచ ఆహార భద్రతా దినం సందర్భంగా జైలు సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చదివితే పది నిమిషాలు అందులోనే పోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకే దండం. ఏటా జూన్ 7న ఈ సభ పెడుతున్నాం, మంచిదే. నాకిచ్చిన అంశం ‘వంటశాలలో చేతుల శుభ్రత’. అది ముందే చెప్పేస్తాను. దొడ్డికి వెళ్లొచ్చాక, పచ్చి మాంసం ముట్టుకున్నాక, చెత్తబుట్ట ఎత్తాక సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడుక్కోవాలి. గోళ్లు తీయించాలి. చేతికి తెగిన గాయం ఉన్నవాణ్ని ఆ రోజు పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. సబ్బు కుళాయి పక్కన ఉండాలి, స్టోర్స్ బీరువాలో తాళం వేసి ఉంచితే ఎవరికీ ఉపయోగం లేదు. చేతుల సంగతి అయిపోయింది.

ఇక అసలు విషయం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు చేతులెత్తండి. మీ ఇళ్లలో రాత్రి అన్నం సాయంత్రం అయిదింటికి తినేవాళ్లు ఎంతమంది? ఒక్క చెయ్యీ లేవలేదు. జైల్లో మాత్రం ఆ వేళకే పంచేస్తాం. చీకటి పడకముందే లెక్క చూసి లాకప్ చెయ్యాలి కదా. తాళం పడ్డాక బ్యారక్ తలుపు మళ్లీ తెరవడం మాటలు కాదు. నాలుగున్నరకు పంపకం, ఆరింటికి తాళం. తినేదెప్పుడు? ఎనిమిదింటికి, కొందరు తొమ్మిదింటికి. మరి వండిందెప్పుడు? మధ్యాహ్నం గిన్నెలు కడిగీ కడగకముందే, ఒంటిగంటన్నరకల్లా ఎసరు పెట్టేస్తారు. మూడింటికి అన్నం దిగుతుంది. మూడు నుంచి ఎనిమిది, అంటే అయిదు గంటలు. అదీ మన ఎండల్లో.

ఆ అయిదు గంటల్లో ఏం జరుగుతుందో వినండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాల రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. వేడి 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు పెరగవు కూడా. గోరువెచ్చగా అయ్యేసరికి మొలకెత్తుతాయి, పెరుగుతాయి, విషం వదులుతాయి. అన్నం మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ‘వేడి చేసే ఇచ్చాం సార్’ అన్న జవాబు అక్కడ పనికిరాదు. పప్పులో, కోడికూరలో ఉండేది వేరే రకం, క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. పెద్ద గుండిగ అడుగున గాలి ఆడదు, వేడి మెల్లగా దిగుతుంది. దానికి కావలసింది అదే. తిన్న 8 నుంచి 16 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. రాత్రి ఎనిమిదికి తిన్నవాళ్లకు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. బ్యారక్‌కు ఇంకా తాళం ఉంటుంది, లోపల ఉండేవి రెండు దొడ్లు. పొద్దున ఏడింటికి టిఫిన్ పెడతారు, ఎనిమిదింటికి ఆసుపత్రి ముందు వరస. అందరూ ఏమంటారు? ఉప్మా పాడైందంటారు. ఉప్మా పరీక్షకు పంపిస్తారు, అందులో ఏమీ దొరకదు. రాత్రి పప్పు గుండిగ అప్పటికే కడిగి బోర్లించి ఉంటుంది.

కాబట్టి ముందు ఎసరు ఆలస్యం చెయ్యండి. ఇది చెబితే వంటవాళ్లు ఒప్పుకోరు. వెయ్యిమందికి ఒకే దెబ్బన వండి పారేస్తే వాళ్లకు నిశ్చింత. మనిషికి పూటకు 200 గ్రాముల బియ్యం అనుకోండి, వెయ్యిమందికి 200 కిలోలు. దాన్ని 50 కిలోల చొప్పున నాలుగు వాయలు చెయ్యండి. మొదటి వాయ రెండున్నరకు, చివరిది మూడున్నరకు. చివరి బ్యారక్‌కు చివరి వాయ వెళ్లాలి. ఆవిరి వంటశాల అయితే ముందు డ్రెయిన్ వాల్వ్ తిప్పి పైపులో నిలిచిన తుప్పునీళ్లు పోయేదాకా వదలాలి, ఆ తర్వాతే గుండిగలోకి ఆవిరి పెట్టాలి. ఆవిరి నీరై గుండిగలోనే కలుస్తుంది కాబట్టి, నేరుగా ఆవిరి పట్టే గుండిగలో ఎసరు కాస్త తగ్గించాలి. తగ్గించకపోతే పైన మెత్తన, అడుగున జావ. జావ అయిన అన్నం ముద్ద కట్టి లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. రెండు రకాలా నష్టమే.

తర్వాత డబ్బాలు. ఇన్సులేటెడ్ డబ్బా కొన్నాం అని సంబరపడతారు, చల్లటి డబ్బాలో వేడన్నం పోస్తారు. ముందు మరిగే నీళ్లు పోసి మూతపెట్టి అయిదు నిమిషాలు ఉంచండి, పారబోసి అప్పుడు నింపండి. నిండా నింపండి. సగం ఖాళీగా ఉన్న డబ్బా తొందరగా చల్లారుతుంది. నలభైమందికి పెద్ద డబ్బా ఎందుకు, చిన్నది పంపండి. మూత చుట్టూ ఉండే రబ్బరు నెలకోసారి చూడండి. అది చిరిగితే ఆ డబ్బాకూ మామూలు బకెట్‌కూ తేడా లేదు.

ఇక రాత్రికి ఏం వండాలి? నిలవ ఉండేవి వండాలి. గుమ్మడికాయ పులుసు, బెండకాయ పులుసు, చారు, వేపుళ్లు. కొబ్బరి వేసినవి, ఆలుగడ్డ ముద్దకూర, ఆకుకూర పప్పు మధ్యాహ్నానికే ఉంచుకోండి. పెరుగన్నం కలిపి పంపకండి. గోరువెచ్చటి అన్నంలో పెరుగు కలిపితే ఏడింటికే పులిసిపోతుంది. మజ్జిగ విడిగా ఇవ్వండి. తిరుపతి ప్రయాణానికి మనవాళ్లు పులిహోర కట్టిచ్చింది రుచి కోసమే అనుకున్నారా? చింతపండు పులుపు క్రిమికి పడదు. వారానికి రెండు రాత్రులు పులిహోర పెట్టినా తప్పులేదు. మధ్యాహ్నం మిగిలిన పప్పు రాత్రి పప్పులో కలపడం మాత్రం ఎక్కడున్నా ఈ రోజుతో ఆపేయండి.

రంజాన్ నెలలో సంగతి ఇంకా గట్టిది. సహరీ, అంటే ఉపవాసం మొదలుపెట్టే ముందు తినే భోజనం, తెల్లవారకముందే తినాలి, అప్పటికి బ్యారక్‌లకు తాళాలుంటాయి. కొన్నిచోట్ల సాయంత్రమే బిర్యానీ వండి ఇచ్చి మంచి పని చేశామనుకుంటారు. పది గంటలు బయట ఉన్న బిర్యానీ అది. తాళం తీయడం కుదరకపోతే రొట్టెలు, ఖర్జూరాలు, అరటిపళ్లు ఇవ్వండి. ఎక్కువ గంటలు ఆగగలిగినవి ఇవే.

కోర్టు నుంచి రాత్రి ఏడింటికి వచ్చే కొత్తవాళ్లను మరిచిపోతుంటారు. ఉదయం లెక్క మీద ఇండెంట్, అంటే కావలసిన సరుకుల చీటీ, రాస్తారు, విడుదలయ్యేవాళ్లను తీసేస్తారు, కొత్తగా వచ్చేవాళ్లను వెయ్యరు. పొద్దుటి నుంచి కోర్టు వరండాలో కూర్చున్న మనిషికి ఆ రాత్రి తిండి లేదంటే మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది. వెయ్యిమంది ఉన్నచోట ఇరవై మందికి సరిపడా వేడి డబ్బా గేటు దగ్గర ఉంచండి. ఏ బ్యారక్ బకెట్‌లోంచీ తీసి సర్దవద్దు.

బకెట్ అన్నాను కాబట్టి గరిట గురించి చెప్పాలి. ఇది నాకు నిద్రపట్టనివ్వని విషయం, కొంచెం ఓపిక పట్టండి. 20 లీటర్ల పప్పు బకెట్, 200 మిల్లీలీటర్ల గరిట, వందమంది. గరిట పొంగించి 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోశాడనుకోండి, మంచి మనసుతోనే. 90 మందికల్లా బకెట్ అడుగు కనబడుతుంది. వందో మనిషికి ఏం మిగిలింది? గరిట అంచు సమంగా పొయ్యడం నేర్పండి. మరో సంగతి, పప్పు అడుగుకు దిగుతుంది. కలపకుండా పోస్తే ముందువాళ్లకు నీళ్లు, వెనకవాళ్లకు ముద్ద. పది గరిటలకోసారి అడుగు నుంచి తిప్పాలి. కోడికూర రోజు ఒక మనిషి ముక్కలు లెక్కబెట్టి వెయ్యాలి, రెండో మనిషి పులుసు గరిటతో పొయ్యాలి. రెండూ ఒకే గరిటతో పోస్తే తగాదా ఖాయం. ముక్కలు ఒకే సైజులో కొట్టించాలి. పచ్చి మాంసం బరువు ఉడికితే బాగా తగ్గుతుందని ఖైదీలకూ చెప్పాలి, లేకపోతే తగ్గినదంతా మీరు తిన్నారనుకుంటారు. బోర్డు మీద పచ్చి తూకం, ఉడికాక తూకం రెండూ రాయండి. కాటా అందరికీ కనబడేచోట పెట్టండి.

కాటా దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కూరగాయల తూకం తరగకముందా, తరిగాకా? బెండకాయలో పోయేది కొద్దే. గోబీపువ్వుకు ఆకూ కాడా తీస్తే సగానికి సగం పోతుంది. కాగితం మీద ఒకే తూకం, పళ్లెంలో మాత్రం సగమే. కొత్త బియ్యం కూడా అంతే. పాత బియ్యంలా పొంగదు, 200 కిలోలు వండినా అన్నం తక్కువే దిగుతుంది. బియ్యం లోడు మారిన రోజు ముందుగా ఒక కిలో వండి తూచుకోండి. 2016 నమూనా జైలు మాన్యువల్ (జైళ్ల నియమావళి) మామూలు ఖైదీకి రోజుకు 2000 నుంచి 2400 కేలరీలు అంది, బరువు పని చేసేవాళ్లకు 2800 దాకా. ఆ లెక్క స్టోర్స్ రిజిస్టర్లో ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. చివరి బ్యారక్‌లో చివరి పళ్లెం తూచి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

భద్రత గురించి మీకు వేరే క్లాసు ఉంది కాబట్టి రెండు ముక్కలే. కత్తుల పలక మీద ఒక్కో కత్తి ఆకారం రంగుతో గీయించండి, ఖాళీ ఉంటే దూరం నుంచే కనబడుతుంది. లెక్క సరిపోయేదాకా వంటశాల మనిషి ఎవరూ కదలకూడదు. కారం తూచి మీ కళ్లముందే గుండిగలో పడాలి. జేబులోకి వెళ్లిన కారం కళ్లల్లో పడుతుంది. బెల్లం, చక్కెర, పళ్ల తొక్కలు ఎక్కడికి పోతున్నాయో చూడండి, దొంగసారాకు పులియబెట్టేది వాటినే. బియ్యం బస్తాకు ఇనుప ఊచ గుచ్చి చూడందే లోపలికి రానివ్వవద్దు.

వంటకు ఎవరిని పెట్టాలి? ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడతాను. వంటవాడి కులం చూడమని పాత మాన్యువళ్లలో రాసి ఉండేది, అచ్చులో. 2024 అక్టోబర్ 3న జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. గడి పోయింది. అలవాటు పోయిందా? గరిట ఎవరి చేతిలో ఉంది, చీపురు ఎవరి చేతిలో ఉంది, రేపు పొద్దున మీ జైల్లో మీరే చూడండి. పేర్లు రాసి నెల నెలా మార్చండి. డాక్టర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి, నేర్చుకునే మనసున్న మనిషి, అంతే చూడాలి. శిక్ష పడని రిమాండ్ ఖైదీతో బలవంతంగా పని చేయించకూడదు, అది మరవకండి.

అన్నం తగ్గించి దారికి తెస్తామనేవాళ్లు ఇంకా కనబడుతున్నారు. 1894 జైళ్ల చట్టంలో శిక్షగా తిండి తగ్గించే వీలుండేది, వరసగా 96 గంటలు మించకూడదన్న షరతుతో. 1929లో లాహోర్ జైల్లో స్వాతంత్ర్య సమరయోధుడు జతీంద్రనాథ్ దాస్ 63 రోజుల నిరాహార దీక్షతో ప్రాణం వదిలిన రోజుల చట్టం అది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన, ఖైదీలను ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాల్లో 43వ నియమం శిక్షగా తిండీ నీళ్లూ తగ్గించకూడదంటుంది. బ్యారక్‌లో ఒకడు గొడవ చేస్తే వాడి మీద రిపోర్టు రాయండి, బకెట్ జోలికి వెళ్లకండి.

వంటవాళ్ల దగ్గరికి వస్తాను మళ్లీ. విరేచనాలు పట్టిన వంటవాడు చెప్పడు, ఎందుకు చెబుతాడు? చెబితే పని పోతుంది, పనితో పాటు కూలీ పోతుంది. అందుకే దాచి రోజంతా పిండి కలుపుతాడు. విరేచనాలు ఆగాక 48 గంటలు దూరంగా ఉంచాలి. ఆ రెండు రోజుల కూలీ కోయకండి, కావాలంటే కూర్చుని లెక్కరాసే పని ఇవ్వండి. సూపరింటెండెంట్ గారూ, ఈ ఒక్కటి మీరు ఒప్పుకుంటే నేను చెప్పిన చేతుల శుభ్రతకు అర్థముంటుంది.

టైమయిందని చీటీ వచ్చింది. రెండు వస్తువులకు ఇండెంట్ రాసి వెళ్లండి. ఒకటి, గుచ్చి చూసే థర్మామీటర్. గుండిగ దిగినప్పుడు, చివరి బ్యారక్ తలుపు దగ్గర, రెండుసార్లు గుచ్చి టైముతో సహా రాయండి. గుచ్చేముందు ప్రతిసారీ మరిగే నీళ్లలో ముంచండి. రెండోది, మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు. ప్రతి పూటా ప్రతి వంటకం నుంచి 200 గ్రాములు, చివరి బకెట్‌లోంచే తీసి, తేదీ, పూట, వాయ నంబరు రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి, ఎవరికైనా జబ్బు చేస్తే పరీక్షకు పంపడానికి. ఆ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు, మీ టిఫిన్ డబ్బాలు పెట్టకండి. దాని తాళంచెవి ఏ రోజు ఎవరి దగ్గర ఉందో రిజిస్టర్లో రాయండి.