‘నా’ వెనక ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

విజయవాడలో మాట్లాడుతున్నాను కాబట్టి బ్యారేజీతోనే మొదలుపెడతాను. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. 1957లో ఇప్పటి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. "బ్యారేజీకి 70 గేట్లు" అంటాం. గేట్లు, స్తంభాలు, పైన రోడ్డు అన్నీ విప్పేస్తే, ఆ గేట్లున్న బ్యారేజీ విడిగా ఎక్కడైనా మిగులుతుందా?

ఇప్పుడు మన సంగతి. ఒళ్ళు ‘నాది’ కాబట్టి నేను ఒళ్ళు కాదు, మనసు ‘నాది’ కాబట్టి మనసూ కాదు, మిగిలేది ఆత్మ అని ఎన్నో ఉపన్యాసాల్లో విన్నాం. నాకు ఈ వాదన మీద గురి లేదు. "నా ఆత్మ క్షోభిస్తోంది" అని కూడా అంటాం కదా, మరి ఆ ఆత్మ ఎవరిది?

బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజుని ఇలాగే ఇరికిస్తాడు. ఇరుసు రథమా? చక్రాలా? కాడా? ఏదీ కాదు. రథం అన్నది వాడుక పేరు, నాగసేనుడన్నదీ అంతే అంటాడు. 1739లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ కూడా, లోపలికి చూసుకున్నప్పుడల్లా వేడో చలో, ఇష్టమో ద్వేషమో తగులుతోంది గానీ ‘నేను’ దొరకలేదన్నాడు. మరుసటి ఏడాదే, ఈ విషయంలో తన వివరణ తనకే తృప్తిగా లేదని ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఆత్మ ఉందనే అద్వైతులు ఊరుకుంటారా? ఇల్లంతా వెతికి లోపల ఎవరూ లేరని చెప్పినవాడు ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? ఇది ‘ఒళ్ళు నాది, మనసు నాది’ అన్న వాదన కన్నా చాలా గట్టిది. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు.

అయితే ‘నేను’ లేకపోతే తప్పు ఎవరిది? నాగసేనుడు మామిడిపళ్ళ దొంగ కథ చెబుతాడు. "ఆయన నాటిన కాయ వేరు, నేను కోసిన పళ్ళు వేరు" అంటాడు దొంగ. మన నూజివీడు తోటల్లో ఈ మాటంటే ముందు వీపు పగులుతుంది, చర్చ తర్వాత! రాజు కూడా శిక్ష తప్పదనే అంటాడు, ఆ కాయ లేకపోతే ఈ పళ్ళు లేవు కాబట్టి. నాగసేనుడికి కావలసింది ఆ మాటే. పసివాడూ పెద్దవాడూ ఒకరూ కాదు, వేరూ కాదు. సాయంత్రం వెలిగించిన దీపం తెల్లవారుజామున అదేనా అంటే ఏం చెబుతాం?

పోయినేడు చేసిన అప్పుకి మాత్రం, దయచేసి, ఈ జవాబు వాడకండి.