ముక్కులోంచి కారేదంతా జలుబు కాదు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది కాలనీ హాలుకు వచ్చారు, చాలా సంతోషం.

మొన్నామధ్య ఒక కుర్రాడిని మా ఓపీకి తీసుకొచ్చారు. ఉప్పల్ దగ్గర బండి స్కిడ్ అయి పడ్డాడు. హెల్మెట్ లేదు. కళ్ల చుట్టూ నల్లగా కమిలింది కానీ స్పృహ తప్పలేదు, అందుకే ఇంటికి వెళ్లిపోయాడు. రెండో రోజు నుంచి కుడి ముక్కులోంచి నీళ్లు. జలుబనుకుని వాళ్లమ్మ నాలుగు రోజులు ఆవిరి పట్టింది. ఆవిడ నాతో ఒక మాట అంది: "చెప్పులు వేసుకోవడానికి వంగితే చాలు, టపటపా కారుతోంది సార్. గొంతులోకి దిగితే ఉప్పగా ఉందంటున్నాడు." జబ్బు పేరు ఆవిడకు తెలియదు కానీ, నాకు కావలసిన వివరాలన్నీ చెప్పేసింది.

మెదడు, వెన్నుపాము ఒక నీటిలో తేలుతూ ఉంటాయి. మేము సీఎస్ఎఫ్ అంటాం. ఒంట్లో ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే, కానీ రోజుకు 500 దాకా కొత్తగా ఊరుతుంది. ముక్కుకీ మెదడుకీ మధ్య ఉన్న ఎముక చాలా పల్చన. దెబ్బకు అది గానీ, చెవి దగ్గరి ఎముక గానీ చిట్లి, మెదడు మీది పొర కూడా చిరిగితే ఆ నీరు ముక్కులోంచో, చెవిలోంచో బయటికి వస్తుంది. నీరు పోవడం కంటే నా భయం వేరే. నీరు బయటికొచ్చే దారిలోనే క్రిములు లోపలికి వెళ్తాయి. అదే మెదడు పొరల వాపు, మెనింజైటిస్. ప్రాణం మీదికి తెస్తుంది.

దిండు గలీబు మీద మధ్యలో ఎర్రటి మరక, చుట్టూ లేత తడి వలయం కనిపిస్తే అనుమానించండి. అయితే రక్తంలో కన్నీళ్లు కలిసినా అలాగే కనిపిస్తుంది. కారే నీటిని చిన్న సీసాలో పట్టి, ముఖ్యంగా ఈ మెదడు నీటిలో ఉండే ఒక ప్రోటీన్‌ను వెతికే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష చేస్తే తేలిపోతుంది. ఎముక ఎక్కడ చిట్లిందో సీటీ స్కాన్ చూపిస్తుంది.

టెన్షన్ పడకండి, దెబ్బ వల్ల వచ్చే లీకుల్లో ఎక్కువ భాగం వారం పది రోజుల్లో వాటంతటవే ఆగిపోతాయి. చెవిలోంచి వచ్చేవి ఇంకా త్వరగా ఆగుతాయి. తల 30 డిగ్రీలు ఎత్తులో పెట్టి పడుకోబెడతాం. మలబద్ధకం రాకుండా మందు ఇస్తాం, ఎందుకంటే ముక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు అస్సలు చీదకూడదు, గాలి పుర్రెలోకి వెళ్తుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులో, చెవిలో దూది కుక్కకండి.

"యాంటీబయాటిక్ రాయండి సార్" అని అందరూ అడుగుతారు. ముందుజాగ్రత్తగా వాడితే మెనింజైటిస్ ఆగుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. మెనింజైటిస్ తెచ్చే ఒక క్రిమి నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా వేయించడం మాత్రం మంచిది.

అయినా ఆగకపోతే నడుము దగ్గర సన్నని గొట్టం పెట్టి కొంచెం కొంచెంగా నీరు తీస్తాం. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్. 1926లో అమెరికా న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ ఈ లీకును మూయడానికి పుర్రె తెరవాల్సి వచ్చింది. ఈరోజు చాలామందికి ముక్కులోంచే ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, పంపి, తొడ కండ మీది పొర ముక్క తీసి ఆ చిల్లుకు అతికిస్తున్నాం. ఆ కుర్రాడికీ అదే చేశాం.

లీకు ఆగి ఇంటికెళ్లాక, నెలలు గడిచినా సరే, జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కలిసి వస్తే పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకండి. 108కి ఫోన్ చేసి, పాత దెబ్బ సంగతి కూడా చెప్పండి.