మోటరు కాల్చింది లైన్‌మ్యాన్ కాదు, ‘కరెంటు’ అనే మాట!

నమస్తే నల్లగొండ! మళ్లీ అదే పంచాయితీ. బత్తాయి తోటలో మోటరు కాలింది, రైతు లైన్‌మ్యాన్‌ని తిట్టాడు, లైన్‌మ్యాన్ ఆటో స్టార్టర్‌ని (కరెంటు రాగానే మోటరును తానే ఆన్ చేసే డబ్బా) తిట్టాడు. మొన్నటి వీడియో కింద మీరు రాసింది కూడా ఒకటే: "కరెంటు తక్కువొచ్చి కాలిందన్నా."

తప్పు! కరెంటు తక్కువై ఏ మోటరూ కాలదు. ఎక్కువైతేనే కాలుతుంది.

చిక్కంతా మన మాటలోనే ఉంది. లైటు ఆరితే ‘కరెంటు పోయింది’ అంటాం. నెలనెలా ‘కరెంటు బిల్లు’ కడతాం. తీగ తగిలితే ‘కరెంటు కొట్టింది’. అన్నిటికీ ఒకటే పేరు పెడితే రోగం ఎట్లా దొరుకుతుంది?

తోసే బలం వోల్టేజీ. పారేది కరెంటు, దాని కొలత ఆంపియరు. అడ్డం పడేది రెసిస్టెన్స్, ఓముల్లో. కరెంటును రెసిస్టెన్స్‌తో గుణిస్తే వోల్టేజీ, అంతే. జర్మనీలో ఓమ్ అనే శాస్త్రవేత్త 1827లోనే అచ్చేసిన లెక్క ఇది!

ఇక్కడ అందరూ వోల్టేజీ అంటే ట్యాంకులో నీళ్ల ఎత్తు, కరెంటు అంటే నల్లా ధార అని నీళ్ల ట్యాంకు బొమ్మ గీస్తారు. నాకు ఆ బొమ్మంటేనే మంట. ట్యాంకులో నీళ్లు దిగితే నల్లా ధార సన్నబడుతుంది, నిజమే. బల్బు కూడా అంతే, మసకబారి ఊరుకుంటుంది. బోరు మోటరు ఊరుకోదు! అదే లోతు నుంచి నీళ్లు ఎత్తాలి కదా, వోల్టేజీ పడిపోతే ఆంపియర్లు ఎక్కువ గుంజుతుంది. 7 కాస్తా 10 అయిందా, వైండింగ్‌లో, అంటే మోటరు లోపలి తీగ చుట్టలో, వేడి రెట్టింపు.

మరి వోల్టేజీ ఎటు పోయింది? మీ తీగే తిన్నది అన్నా! ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా 300 మీటర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు. దాదాపు 2 ఓములు. 5 హెచ్‌పీ మోటరు మామూలుగా 7 ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. 40 అనుకోండి, ఒక్కో తీగలో 80 వోల్టులు గోవిందా! మోటరుకు వచ్చే మూడు ఫేజుల్లో ఒక్కోదానికి ఉన్నదే 240. ఇక మెలేసి టేపు చుట్టిన ఆ నల్లబడ్డ జాయింట్లు... వద్దులే, బీపీ పెరుగుతుంది. దామరచర్లలో 4,000 మెగావాట్ల ప్లాంటు పెట్టినా, సాగర్ టర్బైన్లన్నీ తిప్పినా ఆ 80 వెనక్కి రాదు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడెక్కువ అంటారా? కొన్నిచోట్ల నిజమే. ముందు మీ తీగ చూపించండి!

రేపు మోటరు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్‌తో రెండు చోట్ల వోల్టేజీ చూపించండి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, స్టార్టర్ దగ్గర. రెండంకెలూ కింద రాయండి. తేడా 10 వోల్టులు దాటకపోతే నన్ను తిట్టండి, పడతా.