నడుస్తున్న ఓడెక్కే పైలట్లు: టాస్మానియా లోహెడ్ కథ

[విజువల్: పెద్ద సరుకు ఓడ పక్కగోడ. కింద అలల మీద ఎగిరెగిరి పడుతున్న చిన్న బోటు. ఓడ పైనుంచి వేలాడుతున్న తాళ్ల నిచ్చెన.]

ఓడ ఆగలేదు, గమనించండి. నడుస్తూనే ఉంది. పక్కనే అదే వేగంతో ఈ చిన్న బోటు. దాంట్లో లైఫ్ జాకెట్ వేసుకున్న ఒకాయన నిలబడి అల కోసం చూస్తున్నాడు. బోటు బాగా పైకి లేచినప్పుడే ఆయన నిచ్చెన అందుకోవాలి. కిందికి దిగినప్పుడు అందుకున్నాడో, వచ్చే అల బోటుని ఎత్తి ఆయన కాళ్లకేసి కొడుతుంది. ఒకసారి నిచ్చెన పట్టుకున్నాక ఇక ఆగడం లేదు, చకచకా ఎక్కేయడమే.

ఓడ అంచు నీటికి 9 మీటర్లకు మించి ఎత్తులో ఉంటే ఈ తాళ్ల నిచ్చెన ఒక్కదాన్నే నమ్ముకోకూడదని అంతర్జాతీయ నిబంధన. కింద కొంత దూరం నిచ్చెన, అక్కణ్ణుంచి ఏటవాలుగా దించిన మెట్లు ఉండాలి. 9 మీటర్ల లోపైతే మాత్రం మొత్తం నిచ్చెన మీదే. మూడంతస్తుల మేడ గోడని బయటి నుంచి ఎక్కినట్టు. వానొచ్చినా, అర్ధరాత్రయినా, పని ఇదే.

[స్క్రీన్ మీద అక్షరాలు: పైలట్]

ఈయన పైలట్. విమానాల పైలట్ కాదు, ఓడలకి రేవులోకి దారి చెప్పే పైలట్. కెప్టెన్ ఉండగా ఈయనెందుకు అని మీకు అనిపించొచ్చు. కెప్టెన్‌కి తన ఓడ తెలుసు, మహాసముద్రం తెలుసు. నది సముద్రంలో కలిసే ఈ మొగ దగ్గర ఇసుక ఎక్కడ మేట వేసిందో, పోటు తిరిగేటప్పుడు నీళ్లు ఓడని ఏ పక్కకి నెడతాయో ఆయనకి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఏడాదికోసారి వస్తాడేమో ఇక్కడికి. గోదావరి మీద లాంచీ నడిపే సరంగుని అడగండి, మీకూ నాకూ ఒకేలా కనిపించే నీళ్లలో లోతెక్కడో మెరకెక్కడో చెప్పేస్తాడు. పైలట్‌ది కూడా అలాంటి తెలివే. కాకపోతే ఆయన చేతిలో ఉండేది వేల టన్నుల ఓడ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పైలట్ ఎక్కినంత మాత్రాన కెప్టెన్ బాధ్యత తీరిపోదు. ఎటు తిప్పాలి, ఎంత వేగం ఉండాలి అని చెప్పేది పైలట్. ఓడ మాత్రం కెప్టెన్‌దే. ఏదైనా తేడా వస్తే మొదట జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే.

[యానిమేషన్: రెండు జెండాలు, తర్వాత చీకట్లో రెండు దీపాలు.]

పసుపూ నీలం నిలువు చారల జెండా ఎగరేస్తే "మాకు పైలట్ కావాలి" అని. సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఉంటే "పైలట్ ఎక్కేశాడు" అని. రాత్రిపూట పైలట్ బోటు మీద రెండు దీపాలుంటాయి, పైన తెలుపు, కింద ఎరుపు. ఏ దేశం వాళ్లు చూసినా అర్థం అదే. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలవలోంచి లోపలి హార్బర్‌లోకి ఓడ వస్తుంటే చాలామంది బీచ్‌లోంచి ఫోటోలు తీస్తారు కదా, ఆ ఓడ మీదా ఒక పైలట్ ఉంటాడు. అయితే ఇవాళ మనం వెళ్తున్నది విశాఖ కాదు. ఆస్ట్రేలియాకి కింద, టాస్మానియా ద్వీపం ఉత్తరపు ఒడ్డుకి.

[మ్యాప్: ఆస్ట్రేలియా, కిందికి జూమ్, బాస్ జలసంధి, టేమర్ నది మొగ.]

ఈ నది పేరు టేమర్. అక్కడి మూలవాసుల భాషలో కనమలుక. ఇప్పుడు అధికారికంగా రెండు పేర్లూ కలిపే రాస్తారు. నది అంటున్నాం గానీ, సముద్రం పోటు లాన్సెస్టన్ నగరం దాకా లోపలికి వస్తుంది, దాదాపు 70 కిలోమీటర్లు. రోజుకి రెండుసార్లు అన్ని నీళ్లూ ఈ ఒక్క మొగలోంచే లోపలికి రావాలి, మళ్లీ బయటికి పోవాలి. మొగ బయట నీళ్లలో దాక్కున్న రాళ్ల దిబ్బ ఒకటి. తూర్పు ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊరే లోహెడ్.

1798లో జార్జ్ బాస్, మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఇద్దరు నార్‌ఫక్ అనే చిన్న పడవలో ఈ మొగలోకి వచ్చారు. చిన్న పడవ కాబట్టి సరిపోయింది. ఆరేళ్లకి, 1804 నవంబరులో, ఇక్కడ బ్రిటిష్ వలస కాలనీ పెట్టడానికి కర్నల్ విలియం పాటర్సన్‌ని తీసుకుని బఫెలో అనే నౌకాదళపు ఓడ వచ్చింది. వచ్చీ రాగానే తుఫాను గాలికి ఒడ్డెక్కింది. ఊరు కట్టడానికొచ్చిన వాళ్ల ఓడకే ఆ గతి పడితే, వెనకొచ్చే వాళ్ల సంగతేంటి? మరుసటి ఏడాది, 1805లో, లోహెడ్‌లో పైలట్ స్టేషన్ మొదలైంది. ఆస్ట్రేలియాలో ఎడతెగకుండా ఎక్కువకాలం వాడుకలో ఉన్న పైలట్ స్టేషన్ ఇదేనని చెబుతారు.

అయినా 1808లో హీబీ అనే ఓడ ఆ రాళ్ల దిబ్బకి తగిలి పగిలిపోయింది. దిబ్బకి ఆ ఓడ పేరే స్థిరపడింది, హీబీ రీఫ్ అని. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

[విజువల్: తెల్లటి వరస ఇళ్లు, ముందు పచ్చిక, ఆ వెనక నీళ్లు.]

తెల్లగా కనిపిస్తున్న ఈ వరస ఇళ్లని పైలట్స్ రో అంటారు. 1835లో కట్టారు. గీసింది అప్పటి కాలనీ వాస్తుశిల్పి జాన్ లీ ఆర్చర్. కొంచెం అవతలున్న లైట్‌హౌస్ 1833 నాటిది, అదీ ఆయన గీసిందే, కట్టింది మాత్రం బ్రిటన్ శిక్ష వేసి ఇక్కడికి పంపిన ఖైదీలు. ఆస్ట్రేలియాలో అది మూడో లైట్‌హౌస్. నాసిరకం రాతి కట్టడం కావడంతో నిలబడలేదు. ఇప్పుడు మనకి కనిపిస్తున్నది 1888లో ఇటుకతో మళ్లీ కట్టింది.

మొదట్లో పైలట్‌ని ఓడ దాకా తీసుకెళ్లింది మోటారు బోటు కాదు, తెడ్లు వేసే పడవ. ఆ తెడ్లు వేసినవాళ్లూ ఖైదీలే. పేర్లు రాసి ఉన్న పెద్దల బొమ్మలు గోడల మీద చాలా చూస్తాం, కానీ ఈ ఉద్యోగంలో భుజాలు నొప్పి పుట్టింది వాళ్లకి.

ఓడ వచ్చిందన్న కబురు, నది వంపులు వదిలేసి నేరుగా కొలిస్తే 50 కిలోమీటర్ల అవతలున్న లాన్సెస్టన్‌కి ఎలా చేరేదో తెలుసా? టెలిగ్రాఫ్ ఇంకా రాలేదు. ఎత్తైన స్తంభానికి కదిలే చేతులు బిగించి, వాటిని రకరకాల కోణాల్లో పెట్టి సైగ చేసేవాళ్లు. లోహెడ్‌లో పెట్టిన సైగని మౌంట్ జార్జ్ కొండ మీదున్నాయన టెలిస్కోప్‌లో చూసి తన స్తంభం మీద అదే పెడతాడు. దాన్ని మౌంట్ డైరెక్షన్ కొండ వాళ్లు చూస్తారు. అక్కణ్ణుంచి లాన్సెస్టన్. మంచు పట్టిన రోజు కబురు కూడా ఆగిపోయేది.

[యానిమేషన్: ఒడ్డున ముందొక దీపం, వెనక ఎత్తులో మరొకటి. ఓడ కదులుతుంటే రెండూ దగ్గరై ఒకే గీతలోకి వస్తాయి.]

1882లో పెట్టిన ఈ ఏర్పాటు చూడండి, నాకు చాలా ఇష్టం దీని సులువు. ఒడ్డున రెండు దీపాలు, ఒకటి ముందు కింద, ఒకటి వెనక ఎత్తులో. ఓడలోంచి చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనిపిస్తున్నాయా, మీరు సరైన దారిలో ఉన్నారు. పైదీపం కుడికి జరిగిందా, మీరు కుడికి జరిగిపోయారు, ఎడమకి రండి. లెక్కల్లేవు, మీటల్లేవు. ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో రేవులు ఇదే పద్ధతి వాడుతున్నాయి.

ఇంత సౌకర్యం వచ్చాక, పైగా రాడారూ జీపీఎస్సూ ఉన్న రోజుల్లో ప్రమాదం ఎందుకొస్తుంది? వచ్చింది.

[విజువల్: నల్లటి తెర. తేదీ: 1995 జులై 10.]

ఐరన్ బారన్ అనే ఓడ మాంగనీస్ ఖనిజం వేసుకుని టేమర్ లోపలున్న బెల్ బే రేవుకి వస్తోంది. అక్కడ జులై అంటే చలికాలం. రాత్రి వేళ. పైలట్ ఎక్కాల్సిన చోటు మొగ బయట సముద్రంలో ఉంటుంది. అక్కడికి చేరుకునే ప్రయత్నంలో, పైలట్ ఇంకా ఎక్కకముందే, ఓడ హీబీ రీఫ్ మీదికి ఎక్కేసింది. 187 ఏళ్ల కిందట హీబీని పగలగొట్టిన అదే దిబ్బ. 300 టన్నులకు పైగా ఇంధనం సముద్రంలో కలిసింది. ఆ తీరమంతా మోకాలెత్తు కూడా లేని చిన్న పెంగ్విన్ల కాలనీలు. నూనె అంటుకుంటే వాటి ఈకలు నీళ్లని ఆపలేవు, చలికి చచ్చిపోతాయి. 10,000 నుంచి 20,000 దాకా పోయి ఉంటాయని తర్వాత అంచనా వేశారు. ఓడని దిబ్బ మీంచి లాగారు గానీ అది పనికిరాదని తేలిపోయింది. జులై నెలాఖరుకి లోతైన సముద్రంలోకి తీసుకెళ్లి ముంచేశారు.

పైలట్ పని ఎక్కడ మొదలవుతుందో ఆ గీతకి ఇవతల జరిగింది ఇదంతా. పైలట్లు ఎందుకని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇదే. పరికరం మీరెక్కడున్నారో చెబుతుంది. అది చూసి అనుమానపడాల్సింది మనిషే. ఈ రాయి సంగతి ఒంటికి పట్టిన మనిషైతే ముందే అనుమానపడతాడు.

[విజువల్: మ్యూజియం లోపల చిన్న గదులు, తక్కువ ఎత్తు గుమ్మాలు.]

సరే, లోహెడ్‌లో ఈ కథంతా దాచిపెట్టిన మ్యూజియం ఒకటుంది, అందులోకి వెళ్దాం. పైలట్స్ రో ఇంట్లోనే ఉంది, నడిపేది వాలంటీర్లు. ఓడల మోడళ్లు, దారి కనిపెట్టే పాత పరికరాలు, మునిగిన ఓడల నుంచి దొరికిన వస్తువులు, డైవర్ల సామాను. మహానగరాల మ్యూజియాల్లో ఇంతకన్నా మెరిసే వస్తువులుంటాయి, ఒప్పుకుంటా. కానీ అక్కడ అద్దాల పెట్టెలో పెట్టిన పటానికీ, నిజం సముద్రానికీ సంబంధం తెగిపోయి ఉంటుంది. ఇక్కడ పటం చూసి గుమ్మం దాటితే ఆ పటంలోని మొగే ఎదురుగా ఉంటుంది. ఓడ ఏదైనా వస్తుంటే ఇంకా మంచిది.

వాలంటీర్ల మ్యూజియాలకి ప్రపంచమంతా ఒకటే తిప్పలు. డబ్బు ఎలాగో పోగవుతుంది, మనుషులు దొరకరు. రిటైరైన వాళ్లతో మొదలవుతాయి. వాళ్లు ఓపిక తగ్గి మానేసేసరికి తర్వాతి వాళ్లకి ఉద్యోగాలూ పిల్లలూ. లెడ్జరు, వస్తువుల జాబితా లాంటివి ఎవరైనా చదువుకోవచ్చు. ఏ వాల్వు ఎంత తిప్పితే చాలన్నది మాత్రం పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. లోహెడ్‌లో అలాంటి వాల్వులున్న యంత్రం నిజంగానే ఒకటి ఉంది.

[శబ్దం: కంప్రెసర్ ఇంజన్ స్టార్టవుతుంది. విజువల్: లైట్‌హౌస్ పక్కన చిన్న షెడ్డు, గోడలోంచి బయటికొచ్చిన హారన్.]

దీని పేరు డయాఫోన్, పొగమంచు హారన్. 1929లో పెట్టారు. మంచు కమ్మితే లైట్‌హౌస్ దీపం ఎంత పెద్దదైనా దండగే కాబట్టి, చెవులతో దారి చూపించడానికి. లోపల సన్నటి చీలికలున్న ఒక పిస్టన్, అలాంటి చీలికలే ఉన్న గొట్టంలో ముందుకీ వెనక్కీ గబగబా ఆడుతుంది. చీలికలు ఎదురెదురుగా వచ్చినప్పుడల్లా ఒత్తిడి పట్టిన గాలి ఒక్క ఉదుటున బయటికి తన్నుతుంది. సెకనుకి ఎన్నోసార్లు ఇలా జరిగేసరికి అది లోతైన బొంగురు కూతవుతుంది. గాలి ఆపేశాక ఒత్తిడి పడిపోతూ పిస్టన్ నెమ్మదిస్తుంది కదా, అప్పుడు చివర్లో "గ్ర్" అని ఒక మూలుగు. డయాఫోన్‌ని గుర్తుపట్టేది ఆ మూలుగుతోనే.

1973లో దీన్ని ఆపేశారు. ఏళ్ల తరబడి మూగగా పడి ఉన్నదాన్ని వాలంటీర్లు విప్పి, శుభ్రం చేసి, బాగుచేశారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకి మోగిస్తారు. సరదాకి మాత్రమే అనుకోకండి. ఇలాంటి యంత్రాన్ని పక్కన పెట్టేస్తే తేమకి తుప్పు పడుతుంది, సీళ్లు ఎండి పగిలిపోతాయి, పిస్టన్ పట్టేస్తుంది. దాన్ని బతికించుకోవాలంటే మోగించడమే మార్గం.

[మ్యాప్: జీలాంగ్ నుంచి డెవన్‌పోర్ట్, అక్కణ్ణుంచి లోహెడ్.]

మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లకి ఇది తేలికైన ట్రిప్. కారుతో సహా జీలాంగ్‌లో ఫెర్రీ ఎక్కితే డెవన్‌పోర్ట్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి గంటన్నర లోపే. మ్యూజియం తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి, నడిపేది వాలంటీర్లని మర్చిపోకుండా. ఆదివారం వెళ్లేలా చూసుకుంటే 12కి పది నిమిషాల ముందే లైట్‌హౌస్ దగ్గరుండండి. హారన్ మూతికి ఎదురుగా మాత్రం నిలబడొద్దు. చంటిపిల్లలుంటే చెవులు మూసి ఇంకాస్త వెనక్కి తీసుకెళ్లండి, ఆ కూత చాలా మైళ్ల దూరంలో ఉన్న ఓడలకి వినిపించాలని తయారుచేసింది.