ఎండాకాలం ట్రయల్స్ బైక్‌కి ఏ ప్యాడ్ వేయాలి? ముందు రిమ్ చూడండి

నమస్కారం. ఇవాళ ట్రయల్స్ సైకిల్ రిమ్ బ్రేకు ప్యాడ్ల గురించి, అదీ వాన చుక్క లేని పొడి వాతావరణానికి ఏవి పనికొస్తాయో మాట్లాడుకుందాం. ట్రయల్స్ అంటే కాలు నేల మీద పెట్టకుండా సైకిల్‌తో రాళ్లు, దిమ్మెలు ఎక్కి దిగే ఆట. రిమ్ బ్రేకు అంటే చక్రం రిమ్‌ని రెండు పక్కల నుంచీ ప్యాడ్లతో నొక్కి ఆపేది. "ఏ కంపెనీ ప్యాడ్ మంచిది, ఏ రంగుది కొనాలి" అని చాలామంది అడుగుతుంటారు. రంగు సంగతి మొదట్లోనే తేల్చేద్దాం. రంగుకి అందరూ పాటించే లెక్కేమీ లేదు. ఒక కంపెనీలో ఎరుపు మెత్తనిదైతే ఇంకో కంపెనీలో అదే ఎరుపు గట్టిది. కాబట్టి రంగు చూసి కొనకండి.

ట్రయల్స్‌లో బ్రేకు చేసే పని మామూలు సైకిల్ బ్రేకు పనిలాంటిది కాదు. రోడ్డు మీద బ్రేకు వేగాన్ని తగ్గిస్తుంది, వేడెక్కుతుంది, వేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ పోతాం. ఇక్కడ వేగమే లేదు. రాతి అంచు మీద వెనక చక్రం ఒక్కటే ఆని ఉంటుంది, ఒంటి వేలు లీవర్ మీద ఉంటుంది, చక్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మరుక్షణం వదలగానే పూర్తిగా వదిలేయాలి. ముందుకే కాదు, వెనక్కీ జారకూడదు. అందుకే రోడ్డు సైకిల్ ప్యాడ్ల సలహాలు ఇక్కడ పనికిరావు. చాలా బైకుల్లో ముందు డిస్కు, వెనక హైడ్రాలిక్, అంటే నూనె ఒత్తిడితో పనిచేసే రిమ్ బ్రేకు ఉంటుంది. మాగురా ఎచ్‌ఎస్ 33 లాంటిది అన్నమాట. ఈ వీడియో ఆ వెనక బ్రేకు గురించే.

ప్యాడ్ పనితనంలో రెండు వేర్వేరు గుణాలున్నాయి, వాటిని కలిపేయకండి. ఒకటి కరుచుకోవడం, అంటే లీవర్ నొక్కిన క్షణంలోనే రిమ్‌ని అందుకోవడం. రెండోది పట్టు నిలవడం, అంటే అందుకున్నాక మీ బరువంతా పడినా జారకపోవడం. మెత్తని ప్యాడ్ బాగా కరుచుకుంటుంది, కానీ బరువు పడితే లోపల్లోపల సాగి, బైకు ఒక పిసరు ఊగినట్టనిపిస్తుంది. గట్టి ప్యాడ్ అంత చురుగ్గా కరుచుకోదు, పట్టిందంటే మాత్రం కదలదు. మీకు ఏది ఎక్కువ అవసరమో మీ రిమ్ చెబుతుంది.

పట్టు కోసం ట్రయల్స్‌లో రిమ్ గోడని గ్రైండర్‌తో కావాలనే గీస్తారు, ఆ గీతలనే గ్రైండ్ అంటారు. మీ రిమ్ పక్క గోడ మీద వేలు పెట్టి చూడండి. నున్నగా ఉందా, లేక గ్రైండర్‌తో గీసినట్టు గరుగ్గా ఉందా? ఇదే అసలు ప్రశ్న. ప్యాడ్ ఎంపికలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

రిమ్ గరుగ్గా గీసి ఉంటే గట్టి ప్యాడ్ వేయండి. గ్రైండ్ గీతల అంచులు చిన్నచిన్న కత్తుల్లాంటివి. వాటికి మెత్తని ప్యాడ్ ఇస్తే కొబ్బరి కోరినట్టు కోరేస్తాయి. ప్యాడ్ అరగడం ఒక్కటే కాదు నష్టం, ఆ కోరిన పిండంతా గీతల మధ్య గాడుల్లో కూరుకుపోతుంది. రెండు మూడు రోజులకే గీతలు పూడిపోయి, గరుకు రిమ్ కాస్తా నున్నటి రిమ్‌లా పనిచేస్తుంది. అప్పుడు "ఈ ప్యాడ్ బాగోలేదు" అంటారు. ప్యాడ్ తప్పు కాదు, జోడీ తప్పు.

రిమ్ నున్నగా ఉంటే తద్విరుద్ధం. గట్టి ప్యాడ్‌కి పట్టుకోడానికి అంచులే లేవు, కీచుమంటూ జారుతుంది. ఇక్కడ మెత్తని, కాస్త జిగురు గుణమున్న పాలీయూరెథేన్ ప్యాడ్ కావాలి. ఇలాంటి ప్యాడ్ పట్టంతా రెండు ఉపరితలాలు అతుక్కోవడంలోనే ఉంది. తడి తగిలితే మధ్యలో నీటి పొర పడి ఆ పట్టు పోతుంది. కానీ మనం మాట్లాడేది పొడి వాతావరణం గురించి కదా, ఆ భయం లేదు. ఎండాకాలం ఇచ్చే అసలు వెసులుబాటు ఇదే. వానలో కావలసినంత ముదురు గ్రైండ్ ఇప్పుడు అక్కర్లేదు. పల్చటి గ్రైండ్, మధ్యరకం ప్యాడ్ పెట్టుకుంటే రిమ్ బతుకుతుంది, ప్యాడ్ ఎక్కువ రోజులొస్తుంది, చప్పుడూ తగ్గుతుంది. ఏడాది పొడవునా ఒకే ముదురు గ్రైండ్‌తో తిరిగేవాళ్లు రిమ్ గోడని ఊరికే అరగదీసుకుంటున్నారనే నా అభిప్రాయం.

మెత్తనా గట్టా అని ఎలా తెలుసుకోవాలి? బొటనవేలి గోరు ప్యాడ్ ముఖం మీద గట్టిగా నొక్కండి. గుంట పడి నెమ్మదిగా పైకొస్తే మెత్తనిది. గోరు జారి, గుర్తు కూడా కనపడకపోతే గట్టిది. రెండు ప్యాడ్లని పక్కపక్కన పెట్టి నొక్కితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వాడేసిన ప్యాడ్ మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి, పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి మోసం చేస్తుంది.

ఇక ప్యాడ్ వెనక భాగం. ప్లాస్టిక్‌ది, అల్యూమినియంది అని రెండు రకాలు దొరుకుతాయి. ప్లాస్టిక్ తేలిక, చవక, కానీ గట్టిగా నొక్కినప్పుడు కొద్దిగా వంగుతుంది. అల్యూమినియం వంగదు, లీవర్ దగ్గర బిగువుగా తెలుస్తుంది. గట్టి ప్యాడ్‌తో అల్యూమినియం బాగా కుదురుతుంది. ఒక్క ప్రమాదం ఉంది. ప్యాడ్ పూర్తిగా అరిగిందని గమనించకపోతే ఆ లోహం రిమ్‌ని గాడి తీసేస్తుంది.

తారు సంగతి కూడా చెప్పాలి. నున్నటి రిమ్ మీద తారు ముద్ద రుద్దడం ట్రయల్స్‌లో పాత అలవాటు. పొడి వాతావరణంలో బాగా కరుచుకుంటుంది, అరుపు కూడా అదే స్థాయిలో ఉంటుంది. పల్చగా, అక్కడక్కడ గీతల్లా రుద్దాలి, పూత పూసినట్టు కాదు. ఎండలో రిమ్ వేడెక్కితే తారు మెత్తబడి ప్యాడ్ ముఖానికి అంటుతుంది, దుమ్ముని పిలిచి మరీ పట్టుకుంటుంది. దుమ్ము నేల మీద తిరిగేవాళ్లకి అది తలనొప్పి. గ్రైండ్ చేసిన రిమ్ మీద మాత్రం తారు వద్దు, గాడులు పూడిపోతాయి.

గ్రైండ్ చేయాలనుకుంటే ముందు రిమ్ గోడ ఎంత మందం మిగిలిందో చూసుకోండి. ఒక స్టీలు స్కేలుని గోడకి ఆనించండి, మధ్యలో లోపలికి గుంట కనిపిస్తే ఇంక ఆ రిమ్‌ని గీయకండి. కార్బన్ రిమ్‌ని అసలే ముట్టుకోవద్దు. టైరు, ట్యూబు తీసేయండి, గ్రైండర్ తగిలితే టైరు పక్క చీరుకుపోతుంది. కళ్లకి రక్షణ అద్దాలు, మాస్కు తప్పనిసరి. చక్రం గిర్రున తిరగకుండా కట్టేసి, కొంచెం కొంచెంగా చేత్తో తిప్పుకుంటూ వెళ్లండి. గ్రైండర్ బిళ్లని రిమ్‌కి ఏటవాలుగా పట్టుకుని, ఊరికే తాకించి తీసేయాలి. నొక్కకూడదు. గీతకీ గీతకీ మధ్య ఒకటి, రెండు మిల్లీమీటర్లు చాలు. గోరు అడ్డంగా గీస్తే తగులుకోవాలి, అంతే. అంతకంటే లోతు వద్దు. ఒక చుట్టు ఒక వాలులో, రెండో చుట్టు ఎదురు వాలులో గీస్తే మేలు. ఒకే వాలులో గీసినప్పుడు లేచిన అంచులన్నీ ఒకే వైపు వాలి, ముందుకి బాగా ఆగి వెనక్కి జారే రిమ్ తయారవుతుంది. ఈ జబ్బు చాలా బైకుల్లో ఉంటుంది, నింద మాత్రం ప్యాడ్ మీద పడుతుంది. పని అయ్యాక రజను అంతా తుడిచి, లేచిన అంచుల కొసల్ని పాత ప్యాడ్‌తో కాసేపు రుద్దించండి. కొత్త ప్యాడ్‌ని నేరుగా తాజా గ్రైండ్ మీద పెడితే మొదటి రోజే సగం తినేస్తుంది.

ఇక బిగించడం. చక్రం తీసి ఉన్నప్పుడు లీవర్ నొక్కకండి. పాత ప్యాడ్‌ని వేలితో పక్కకి లాగితే ఊడి వస్తుంది, కొత్తది టక్కుమని కూర్చోవాలి. కూర్చున్నాక చేత్తో ఊపి చూడండి, ఊగితే మళ్లీ తీసి పెట్టండి. లీవర్ మీద ప్యాడ్ దూరాన్ని సరిచేసే మర ఉంటే, కొత్త ప్యాడ్ పెట్టేముందు దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పండి. లేకపోతే ప్యాడ్ అరిగేకొద్దీ ముందుకి తేవడానికి చోటుండదు.

ప్యాడ్‌కీ రిమ్‌కీ మధ్య సందు ఒక్కోపక్క ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంత దగ్గరగా పెట్టాలంటే చక్రం సరిగ్గా తిరగాలి. పక్కకి అర మిల్లీమీటరు కంటే ఎక్కువ వంకర ఉంటే ముందు స్పోకులు సరిచేయండి. ప్యాడ్ పై అంచు రిమ్ పై అంచుకి ఒక మిల్లీమీటరు కిందుండాలి, టైరుకి తగలకూడదు. కింది అంచు రిమ్ దిగువకి జారకూడదు. రోడ్డు బ్రేకుల్లోలాగా ముందు కొస లోపలికి వంచి పెట్టొద్దు. ముఖం మొత్తం ఒకేసారి ఆనాలి.

ఆనుతోందో లేదో కంటితో చూస్తే తెలియదు. మార్కర్ పెన్నుతో ప్యాడ్ ముఖమంతా నల్లగా పూయండి. చక్రం పెట్టి, లీవర్ గట్టిగా నొక్కి, బైకుని ముందుకీ వెనక్కీ పదిసార్లు ఊపండి. చక్రం తీసి ప్యాడ్‌ని వెలుతురులోకి తిప్పి చూడండి. నలుపు ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోంది. పై అంచున సన్నగా ఒక గీతలా మాత్రమే చెరిగితే, మీరు డబ్బు పెట్టి కొన్న ప్యాడ్‌లో పదోవంతే పనిచేస్తోంది. బ్రేకుని ఫ్రేముకి పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి, కోణం సరిచేసి, మళ్లీ పూయండి. మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. ముఖంలో నాలుగింట మూడు వంతులైనా చెరిగేదాకా వదలకండి.

వి-బ్రేకు, అంటే తీగతో లాగే రెండు చేతుల రిమ్ బ్రేకు, వాడేవాళ్లకి ఒక మాట. ప్యాడ్ జారించి పెట్టే రకం హోల్డర్ అయితే, మూసి ఉన్న కొస ముందుకి, తెరిచిన కొస వెనక్కి ఉండాలి. చక్రం ముందుకి తిరుగుతూ ప్యాడ్‌ని మూసిన వైపుకే నెడుతుంది. ట్రయల్స్‌లో వెనక్కీ బరువు పడుతుంది కాబట్టి ఆపే పిన్ను తప్పక ఉండాలి. పిన్ను లేక ప్యాడ్ జారిపోయి బైకు మీంచి పడ్డవాళ్లు ఉన్నారు.

కొత్త ప్యాడ్ మొదటి రోజు బాగా పట్టదు, కంగారు పడొద్దు. అచ్చులోంచి వచ్చినప్పటి నున్నటి పొర ఉంటుంది. 80 నంబరు ఎమరీ పేపర్‌ని అద్దం మీదో చదునైన పలక మీదో పరిచి, ప్యాడ్ ముఖాన్ని నాలుగైదు సార్లు రుద్దండి. చేత్తో పట్టుకుని పేపర్‌తో రుద్దితే అంచులు గుండ్రమవుతాయి. తర్వాత బైకు తొక్కుతూ ఒక పదిహేను సార్లు తేలిగ్గా ఒరిపించి, ఆపైన గట్టిగా లాక్ చేస్తూ పోండి.

ఇక పొడి వాతావరణంలో శత్రువు నీరు కాదు, దుమ్మూ రజనూ. కొన్నాళ్లు వాడాక ప్యాడ్ తీసి దగ్గరగా చూడండి. ముఖం మీద వెండి చుక్కలు మెరుస్తుంటాయి. అది రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం, ప్యాడ్‌లో గుచ్చుకుని ఉంది. ఇక అల్యూమినియం మీద అల్యూమినియమే రుద్దుకుంటోంది, జారక ఏంచేస్తుంది? సూది మొనతో ఆ చుక్కల్ని ఒక్కొక్కటీ పీకి, ఎమరీతో ఒక పొర తీయండి. ముఖం మొత్తం అద్దంలా మెరుస్తుంటే, అది గట్టిపడిన పైపొర, దానికీ ఎమరీయే మందు. రిమ్‌ని గట్టి నైలాన్ బ్రష్‌తో గీతల వెంట తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. గొలుసుకి నూనె పెట్టిన చేత్తో రిమ్ పట్టుకోవడం మహాపాపం, ఆ ఒక్క వేలిముద్ర చాలు. బ్రేకులోంచి మినరల్ ఆయిల్ కారి ప్యాడ్‌కి తగిలితే ఎమరీతో ఒకసారి ప్రయత్నించి, మళ్లీ జారితే పారేయండి.

జారడం అంతా ప్యాడ్ వల్లే కాదు. చక్రం లాక్ చేసి బైకుని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు "టిక్ టిక్" వినిపిస్తే, రిమ్ జారలేదు, ప్యాడ్ హోల్డర్‌లోనో క్లాంపులోనో లేదా హబ్‌లోనో వదులుంది. "గిర్ర్" అంటే నిజంగా జారుతోంది. లీవర్ స్పాంజిలా హ్యాండిల్ దాకా వస్తే లోపల గాలి చేరింది, బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి, ప్యాడ్ మార్చితే ఒరిగేదేమీ లేదు. లీవర్ నొక్కినప్పుడు వెనక నుంచి మరొకరిని చూడమనండి. ఫ్రేము కడ్డీలు పక్కలకి విచ్చుకుంటుంటే ఆ రెండు కడ్డీల్నీ కలిపి పట్టే బూస్టర్ పట్టీ బిగించండి. ఆ ఒక్క పట్టీతో పాత ప్యాడ్లే కొత్తవాటిలా పనిచేసిన సందర్భాలు బోలెడు.

ప్యాడ్‌లో అరిగే భాగం రెండు మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చేయండి. మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపే మార్చండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది పెడితే రెండు పక్కలా సమంగా ఆనవు, చక్రం ఒక పక్కకి నెట్టుకుపోతుంది. తీసిన పాత జతలో కాస్త మిగిలినదాన్ని డబ్బాలో దాచండి, తర్వాతి గ్రైండ్ అంచుల్ని రుద్దడానికి అదే కావాలి.